మంగ్లీ పాట: గళము, వంత, దృశ్యము

బతుకమ్మకు, బోనాలకు, సంక్రాంతికి, శివరాత్రికి క్రొత్త పాట నొకదానిని దృశ్యసహితముగా సమకూర్చి, పండుగతోపాటు ఆ పాటకొఱకును జనులెదురుచూచునట్లు చేసిన గాయని మన కాలమున మంగ్లీ. ఆమె అసలు పేరు సత్యవతి రాథోడ్. జన్మస్థానము అనంతపురము జిల్లా గుత్తి ప్రాంతములోని బసినేపల్లె తండా. బంజారా కుటుంబమున పుట్టి, తిరుపతిలో కర్ణాటక సంగీతము నభ్యసించి, హైదరాబాదున వీ6 చానెల్లో 'మాటకారి మంగ్లీ'గా తెలంగాణ యాసలో ముచ్చటించి, పిదప పాటకు వచ్చినందున, తండా గొంతు, శాస్త్రశిక్షణ, తెలంగాణ నుడికారము మూడును ఆమె గానమున నొక్కటిగా కలిసినవి.

నాట్లు వేయుచు పాడు స్త్రీ పాట మడి ఆవలిగట్టునకు వినబడవలెను. అందుచేత గొంతు దాచుకొనక, ఎత్తైన శ్రుతిలో నిండు ఊపిరితో పాడుట పల్లెపాటకు స్వభావమైనది. మైకు ముందు నిలిచియు మంగ్లీ ఆ బిగువును సడలనీయదు. శాస్త్రశిక్షణ ఆమెకు గమకప్రదర్శనకుఁ గాక, శ్రుతిలో నిలుకడకును, చరణాంతమున స్వరమును జార్చి పల్లవిని సరిగా దరువుదెబ్బపై నందుకొనుటకును ఉపకరించినదని నా అభిప్రాయము.

అన్నిటికంటె ముఖ్యమైనది వంత. బతుకమ్మ చుట్టు తిరుగుచు ఒకతె ఎత్తుకొనగా తక్కినవారు 'ఉయ్యాలో' యనియో, 'గౌరమ్మ' యనియో బదులిచ్చుటలో ఎత్తుకొన్న ఆమెకు ఊపిరి తీసికొను వ్యవధి దొరకును, పాట రాని పిల్లకు సైతము పాడుటకు ఒక మాట చిక్కును, చప్పట్లతో వంగి లేచు అడుగునకు లయ కుదురును. ఈ వంత యున్న మంగ్లీ పాట ఇంటిలో విన్నను విన్నవారి నోట పలుకును. కీబోర్డు, బేసు చప్పుళ్ళు దానిని ముంచివేసిన చోట డప్పు ఎంత మ్రోగినను అది వట్టి చిందుపాటయే.

దృశ్యమునకును నిదియే కొలత. గాయని తానే వలయమున చేరి, చీర కొంగు దోపుకొని, పదిమందితో అడుగు కలిపినపుడు తెరపై బొమ్మ పాటకు రెండవ వంత యగును. డ్రోను కెమెరా కోటలమీదుగా ఎగిరిపోయి, నర్తకులు సినిమా అడుగులు వేసినపుడు కన్నులకు వేడుకయే గాని పండుగ కానరాదు.

చలనచిత్రములలో 2019లో వెలువడిన 'రాములో రాములా', 2021లో సుద్దాల అశోక్‌తేజ జానపద పల్లవిని గైకొని విస్తరించిన 'సారంగ దరియా' ఆమెకు విశేషఖ్యాతి తెచ్చినవి. నాకు మాత్రము 2023 నాటి 'బలగం'లో భీమ్స్ సంగీతమున రామ్ మిరియాలతో కలిసి పాడిన 'ఊరు పల్లెటూరు' మేలుగా తోఁచును. అచ్చట గళము ఊరిని కప్పివేయక ఊరిలో కలిసిపోయినది. ఆ పాటకే ఓరుగల్లు కవి కాసర్ల శ్యాంకు జాతీయపురస్కారము లభించినది.

పల్లెపాటలను చిత్రీకరించు యువకులకొక విన్నపము: పాటను మొదట మీకు వినిపించిన అవ్వ పేరును ఊరితో సహా తెరపై వేయుడు, వీలైనచో వంతకు ఆమెనే నిలుపుడు.