పూవునకు రంగెంత?

ఈ వారము కడియపులంకనుండి ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు అచట నర్సరీ నడుపుచున్న పెద్దమనిషి. ఈ శీర్షికను మొదటినుండియు చదువుచు, బాగున్నప్పుడు బాగున్నదనియు, లేనప్పుడు లేదనియు కార్డుముక్కపై వ్రాసి పంపు అలవాటు కలవారు. ఈ మాఱు వచ్చినది కార్డు కాదు, పుటలకొలది లేఖ. ఇటీవల ఈ శీర్షికతో పాటు అచ్చయిన కనకాంబరముల ఛాయాచిత్రము నలుపు తెలుపులలో నుండుట వారిని మిక్కిలి నొప్పించినది. మల్లెకు పరిమళమున్నది, మరువమునకు ఆకులోనే పరిమళమున్నది, కలువకు కొలనున్నది. కనకాంబరమునకు వాసన లేదు, చెప్పుకొనదగిన పరిమాణమును లేదు, ఆడవారు దానిని దండకట్టి జడలో ముడుచుట కేవలము ఆ రంగు కొఱకే గదా, ఆ యొక్కదానిని కూడ మీరు లాగికొన్న పిమ్మట ఆ పూవునకు మిగిలినదేమి, అని వారు నన్ను నిలదీసిరి. ఆ రంగు తెచ్చుటకై తాము మట్టిలో పడు పాట్లను గూడ వివరించిరి. అవి చదివినపుడు నాకు కలిగిన గౌరవమును ఇచట చెప్పక తప్పదు. అయినను ఉత్తరము మడిచిపెట్టునప్పటికి నా మనస్సు కుదుటపడలేదు. ఏలనన, వారు ఆక్షేపించినది ఒక్క చిత్రమును కాదు, ఇన్నాళ్లుగా ఈ పుటలో నేను వాదించుచు వచ్చిన సిద్ధాంతమును.

ఆ సిద్ధాంతము పాఠకులకు క్రొత్త కాదు. పూవును పూర్తిగా చూడనీయక కంటిని వాకిటనే ఆపివేయునది దాని రంగే యనియు, రేకుల అమరిక, అంచుల మడత, కాడ వంపు, పలుచని రేకును దాటి వెలుగు ఇవతలికి వచ్చు తీరు, ఇవన్నియు రంగును ప్రక్కకు తీసినగాని బయటపడవనియు నేను చెప్పుచు వచ్చితిని. ఈ నమ్మకము నాకు తోటలో కలిగినది కాదు, మ్యూజియములో కలిగినది. మద్రాసు వెళ్లిన ప్రతిసారియు ఎగ్మూరు మ్యూజియమున అమరావతి శిల్పములున్న మందిరమును చూడక తిరిగిరాను. పల్నాటి సున్నపురాతిలో మన శిల్పులు చెక్కిన ఆ ప్రాకారపు స్తంభములమీదను, స్తంభములను కలుపు అడ్డుకమ్ములమీదను వికసించియున్న పద్మములను ఎంతసేపు చూచినను తనివి తీరదు. నడుమ కర్ణిక, దాని చుట్టును ఒక వరుస రేకులు, ఆ రేకుల సందులనుండి తొంగిచూచు మఱియొక వరుస, దానికి వెలుపల ఇంకొకటి. వెలుగు ప్రక్కనుండి సోకునపుడు ఒక్కొక్క రేకు తన నీడను ప్రక్కరేకుపై వేసి, చదునైన రాతికి లోతు కల్పించును. రంగుచుక్కయైనను లేని ఆ రాతిని చూచి ఇది తామరయా కాదా యని సందేహించినవాడు నేటివఱకు లేడు.

మద్రాసు ప్రభుత్వమునకు ఛాయాచిత్రకారుడుగా నుండిన కెప్టెన్ లినేయస్ ట్రైప్, అంతకు పూర్వము 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో త్రవ్వించి తెప్పించిన శిలలను, 1858లో ఆ మ్యూజియముననే ఛాయాచిత్రములు తీసెను. మఱుసటి సంవత్సరము ఆ శిలలు ఓడనెక్కినవి. నేడవి లండనులో బ్రిటిష్ మ్యూజియమున అద్దముల వెనుక నున్నవి. ఆ కాలపు నెగటివునకు నీలము, ఊదా తప్ప తక్కిన రంగుల వెలుగు సోకెడిది కాదు. బంతిపూవును తీసినచో నల్లగా వచ్చెడిది. రాతితామరకు అట్టి నష్టమేమియు కలుగలేదు. రంగు లేని వస్తువును రంగు నెఱుగని నెగటివు గ్రహించినది గనుక, వస్తువునకును చిత్రమునకును నడుమ జారిపోయినది అత్యల్పము. నా వాదమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము నాకు అక్కఱలేకపోయినది.

అంతకు ముందే ఈ వాదమునకు పునాది వేసినవారు మా గురువుగారు. తెనాలిలో వారి స్టూడియోను గూర్చియు, ఆ చీకటిగదిలోని హైపో వాసనను గూర్చియు ఇచట పలుమాఱులు వ్రాసియున్నాను. క్రొత్తగా చేరిన శిష్యునికి వారు పెట్టు మొదటి పరీక్ష, ఒక ఎఱ్ఱమందారమును దాని ఆకులతో సహా కోసి యిచ్చి, పూవు పూవుగాను ఆకు ఆకుగాను కనబడునట్లు తీసి తెమ్మనుట. వినుటకు ఇది పసిపిల్లల పనివలె తోచును. కాని ఆ ఎఱుపును ఆ పచ్చయు నలుపు తెలుపు ఫిల్ముపై ఇంచుమించు ఒకే బూడిదరంగుగా దిగి, మన కంటికి అంతగా విడివడియున్న పూవును ఆకును ప్రింటులో ఒకదానిలో నొకటి కలిసిపోవును. లెన్సునకు ఎఱ్ఱ ఫిల్టరు తగిలించినచో పూవు తేలికపడి ఆకు చీకటిలో మునుగును. పచ్చ ఫిల్టరు తగిలించినచో ఆకు వెలుగునకు వచ్చి పూవు నల్లబడును. వారము దినములు మందారములను పాడుచేసిన పిమ్మట శిష్యునికి తెలియవలసినది తెలిసెడిది. నలుపు తెలుపు చిత్రమన్నది రంగును విస్మరించుట కాదు. ప్రతి రంగునకును ఎంత వెలుగు పంచవలెనో తీసినవాడు స్వయముగా నిర్ణయించుట. ఆ నిర్ణయాధికారమే నన్ను వశపఱచుకొన్నది.

ఈ సిద్ధాంతమును వెంటబెట్టుకొని మొన్నటి వసంతమున హాలెండు వెళ్లితిని. లిస్సె గ్రామమువద్ద నున్న క్యోకెన్‌హోఫ్ తోటను గూర్చి విననివారు ఉండరు. ముప్పదిరెండు హెక్టార్ల భూమిలో ఏటేటా శరత్కాలమున సుమారు 70 లక్షల దుంపలను చేతితో నాటి, మార్చి నడిమినుండి మే నడిమివఱకు, అనగా ఎనిమిది వారములు మాత్రమే, లోకమునకు చూపుదురు. తులిప్‌లు, హయసింత్‌లు, డాఫొడిల్‌లు మడులు మడులుగా, ఒకే రంగు ఏకధారగా సాగునట్లు నాటబడియుండును. ఆ సముదాయము నన్ను ముగ్ధుని చేయలేదు. అన్ని రంగులు ఒక్కసారిగా పలుకునపుడు ఏ ఒక్కదాని మాటయు వినబడదు. కనుక మడులను వదలి, మబ్బు క్రమ్మిన ఉదయమున ఒంటరిగా నిలిచిన ఒక తెల్లని తులిప్‌ను వెదకికొని, దానితోనే పూట గడపితిని. కాని తోట వెలుపల, పొలములలో చూచినది మఱపునకు రాదు. అచటి రైతులు పూవులను అమ్ముటకు గాక దుంపలను అమ్ముటకు పెంచుదురు. పూవు విచ్చుకొని, మొక్క సరియైన జాతిదో కాదో తేలిన వెంటనే పూవు తల నఱికివేయుదురు, ఆ బలమంతయు దుంపలోనికి దిగుటకై. ఈ లెక్క కడియము రైతులకు నేను విడమర్చి చెప్పనక్కఱలేదు. పొలము గట్టున రాశిగా పడియున్న ఆ ఎఱుపు పసుపుల తలలను చూచినపుడు, రంగు పూవునకు అంత ముఖ్యమైనదే యైనచో పెంచినవాడు ఇంత నిశ్చింతగా నఱకివేయునా, అని నా వాదమునకే మఱల బలము చేకూర్చుకొంటిని.

ఆమ్‌స్టర్‌డామునందలి రైక్స్‌మ్యూజియము ఆ బలమును ఇంకను పెంచినది. పదునేడవ శతాబ్దపు డచ్చి పుష్పచిత్రములను ఇంత దగ్గఱగా నిలిచి చూచు అవకాశము అన్నిచోట్ల దొరకదు. యాన్ డావిడ్స్ డె హేమ్ పూలగుత్తి ఒకటి, రాకెల్ రాయిస్ పూలగుత్తి ఒకటి, ఒక్కొక్కదాని ముందు గంటలు గడచిపోవును. రాకెల్ రాయిస్ తండ్రి శరీరశాస్త్రములోను వృక్షశాస్త్రములోను పండితుడు. ఆమె కీటకమును, మంచుబిందువును, పురుగు తిన్న ఆకును చూచిన చూపులో ఆ యింటి శిక్షణ కనబడును. 1664లో పుట్టి 1750లో గతించిన ఆ విదుషి ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట గూడ కుంచె విడువలేదు. ఈ చిత్రములలో తఱచుగా ఒక తులిప్ ఉండును. తెల్లని రేకులపై ఎఱ్ఱని జ్వాలలు ప్రాకినట్లుండు ఆ తులిప్ కొఱకే 1630లలో డచ్చివారు ఇంటి వెల చెల్లించి, 1637 ఫిబ్రవరిలో ధర కూలగా విలపించిరి. ఆ జ్వాలలు ఒక వైరసు పెట్టిన జబ్బనియు, పేనుబంక పురుగు దానిని మొక్కనుండి మొక్కకు చేర్చుననియు 1920ల చివరగాని తేలలేదు. ఇంతకంటెను నన్ను ఆకర్షించినది ఆకుల రంగు. ఆనాటి పూలచిత్రములు పెక్కింటిలో ఆకులు పచ్చగా నుండవు, నీలముగా నుండును. చిత్రకారుడు నీలమును పసుపును కలిపి పచ్చ చేసెను. మొక్కలనుండి తీసిన ఆ పసుపు కాలక్రమమున వెలిసిపోగా నీలము మాత్రము మిగిలినది. రంగు పోయినను ఆకు ఆకుగానే యున్నది గదా, రూపమే నిత్యము, రంగు అనిత్యము, అని నేను తృప్తితో మెట్లు దిగితిని.

అదే ఊరిలోని వాన్ గో మ్యూజియమున ఆ తృప్తి నిలువలేదు. 1890 జనవరి చివరను తమ్మునికి కొడుకు పుట్టెనన్న వార్త విని, ఆ శిశువు కొఱకు వాన్ గో చిత్రించిన బాదము పూలకొమ్మ అచట నున్నది. నీలాకాశముపై వంకరలు తిరిగిన కొమ్మలు, వానిమీద తెల్లని పూలు. కాని ఆ పూలు చిత్రించిననాడు తెల్లనివి కావు. చాలవఱకు లేత గులాబివన్నెవి. ఆయన వాడిన ఎఱుపు వెలుగునకు తాళలేక మాసిపోయినది. అదే యేడు మే నెలలో ఆయన చిత్రించిన ఐరిస్ పూలు నేడు నీలముగా నున్నవి. అవి ఊదాపూలు, ఎఱుపు వెడలిపోగా నీలము మిగిలినది.  కెమెరాను సంచిలోనే ఉంచి, ఆ బాదము కొమ్మ ముందు చాలసేపు నిలిచితిని. నా లెక్క ప్రకారము అచట లోపించినదేమియు లేదు. ప్రతి కొమ్మ వంపును, ప్రతి రేకు అంచును, కుంచె తిరిగిన ప్రతి చోటును పదిలముగా నున్నవి. అయినను నా కన్నులు రూపమును చూచుట మాని, ఏదైన ఒక రేకు మొదట, ఫ్రేము నీడ పడిన అంచున, ఆ గులాబివన్నె రవ్వంతయైనను మిగిలియున్నదా యని వెదకజొచ్చినవి. నిలిచియున్న దానిని చూచి ఊరట కలుగలేదు, పోయిన దానికొఱకే మనస్సు కొట్టుకొనినది. తన రంగులు నిలుచునవి కావని ఆయనకు తెలియకపోలేదు. కాలము వానిని ఎట్లును మెత్తపఱచును గనుక మఱింత గాఢముగా వేయవలెనని 1888లోనే తమ్మునికి వ్రాసియుండెను. పోవునని తెలిసి వేసిన రంగు అది.

ఇంటికి వచ్చిన పిమ్మట, కడియపులంక ఉత్తరము చేతనుంచుకొని ఆలోచించుచుండగా, మా గురువుగారి స్టూడియోలో మఱియొక బల్ల యుండెడిదని జ్ఞప్తికి వచ్చినది. దానిని గూర్చి ఈ శీర్షికలో ఎన్నడును వ్రాయలేదు. కిటికీప్రక్కన నుండు ఆ బల్లమీద వారు పెండ్లి ఫొటోలకు రంగులద్దెడివారు. సన్నని పుల్లకు దూది చుట్టి, రంగునీటిలో ముంచి, పిండి, పెండ్లికూతురి బొట్టునకును పెదవులకును చీర అంచునకును ఒక్కొక్క అద్దకము. జడలోని పూల దగ్గఱకు వచ్చునప్పటికి వారి చేయి ఆగెడిది. నలుపు తెలుపు ప్రింటులో కనకాంబరములకును చామంతులకును వన్నెలో భేదము తెలియదు గదా. ఆ పెండ్లిని తీసినవారు తామేయైనను, ఆ రంగును ఊహించి వేయుట వారికి సమ్మతము కాదు. ఫొటో తీసికొనిపోవుటకు ఆ అమ్మాయి వచ్చువఱకు ఆగి, “ఏమ్మా, ఆ రోజు తలలో ఏ పూలు పెట్టుకున్నావు?” అని అడిగెడివారు. ఆమె చెప్పిన పిమ్మటనే దూది రంగులో మునిగెడిది. ఆమెకు జ్ఞాపకము లేనిచో ఆ పూలు తెల్లగానే ఉండిపోయెడివి. మందారముతో నాకు నలుపు తెలుపుల మర్మము నేర్పిన ఆ చేయియే ఒక పూవు రంగు కొఱకు నాలుగు దినములు పని ఆపుకొనెడిది. ఆ ఫొటోలు ఇప్పటికిని కొన్ని యిండ్ల గోడలమీద చూచుచుందును. వెండి నలుపు చెక్కుచెదరలేదు, అద్దిన రంగు చాలవఱకు వెలసినది. అయినను ఆ యింటి ముసలమ్మ వచ్చినవారికి ఆ జడను వ్రేలితో చూపి, అవి కనకాంబరాలని చెప్పక మానదు.

అమరావతి తామర నిలుచుటకై చెక్కబడినది. నిలుచుట దాని ధర్మము, నలుపు తెలుపులే దానికి చాలును, ఈ మాట నేనిప్పటికిని విడువను. తోటలోని పూవునకు ఆ ధర్మము లేదు. దానిలో ముందుగా పోవునది రంగే గనుక, దాని జీవమునకు అత్యంత సన్నిహితమైనదియు రంగే యని నాకిప్పుడు తోచుచున్నది. నిలుచు భాగమును మాత్రము ఏరికొని తీసిన చిత్రము, పూవు చిత్రమగుటకంటె పూవు ఆకృతి చిత్రమగును. రంగు ఛాయాచిత్రము వెలుగులో నుంచిన కొలది వెలయునని నాకు వృత్తిరీత్యా తెలియును. తెలిసియే ఇకమీదట పూవులను రంగులలో తీయదలచితిని.

పూలచిత్రములలో రాకెల్ రాయిస్‌కు సాటియైన యాన్ వాన్ హాయిసమ్, పూర్వపు స్కెచ్చులను చూచి చిత్రము ముగించుటకు ఇష్టపడక, కావలసిన పూవు పూచు ఋతువు కొఱకు కుంచె దించి ఆగెడివాడు. 1742లో ఆయన ఒక లేఖలో, వెనుకటి యేడు పసుపు గులాబి దొరకకపోవుటచేత చిత్రము పూర్తికాలేదని వ్రాసికొనెను. గులాబి రేకుల కూర్పు ఆ చేతికి తెలియనిది కాదు; వందలకొలది గులాబులను వేసిన చేయి అది. లండను నేషనల్ గ్యాలరీలో నున్న ఆయన పూలకూజా చిత్రమునకు 1736 అనియు 1737 అనియు రెండు తేదులున్నవి. ఈ మాఱు ఆ ఊరు వెళ్లినపుడు దాని ముందు కూర్చుండి, అందలి ఏ పూవు మొదటి వసంతమునాటిదో, ఏ పూవు కొఱకు ఆయన రెండవ వసంతమువఱకు వేచియుండెనో కనిపెట్టుటకు ప్రయత్నింపవలెనని యున్నది.