పశువుల సావిడి ఎవరి సౌకర్యానికి? – గోదావరి డెల్టా నిర్మాణాలపై ఒక విమర్శ

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత గోదావరి డెల్టాలో మెట్టభూములు అనేకం మాగాణులయ్యాయి. వరిగడ్డికి కొరత తీరింది. దానితోపాటు ఊళ్ల చుట్టూ తేమ కూడా పెరిగింది. అందుచేత ఈ ప్రాంతంలో పశువుల సావిడి మంచిదా చెడ్డదా అని తేల్చేటప్పుడు దాని అందాన్ని గాని, ఖర్చును గాని చూచి లాభం లేదు. వేడిని, తేమను అది ఎట్లా వదిలిస్తున్నదో చూడాలి.

పశువు శరీరంలో నిరంతరం వేడి పుడుతూనే ఉంటుంది. గడ్డివంటి పీచుమేత జీర్ణమయ్యేటప్పుడు అది మరింత ఎక్కువ. గేదెది నల్లని చర్మం. ఆవుతో పోలిస్తే దానికి చెమటగ్రంథులు చాలా తక్కువ. మధ్యాహ్నమయ్యేసరికి అది చెరువు వెదుక్కోవటం బద్ధకంవల్ల కాదు, అవసరంవల్ల. పైగా తేమ నిండిన గాలిలో ఉన్న కాస్త చెమటా త్వరగా ఆరదు. అప్పుడు గేదె రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి. ఎద లక్షణాలు పైకి కనిపించని 'మూగ ఎద' వేసవిలో ఎక్కువ. ఒక్క గేదెపై ఆధారపడిన కుటుంబానికి ఒక చూలు తప్పితే నెలల తరబడి పాడి ఉండదు.

పాతకాలపు తాటాకు పాకకు ఒక గొప్ప గుణం ఉన్నది. తాటాకు వేడిని సులభంగా లోపలికి రానివ్వదు. కాని దాని లోపాలను మరచి పొగడటం న్యాయం కాదు. చూరు మరీ కిందికి దిగి గాలిని ఆపుతుంది. మట్టినేల మూత్రాన్ని పీల్చుకొని బురద అవుతుంది. నిప్పురవ్వ పడితే పాక మిగలదు. 1996 నవంబరు తుపానులో కోనసీమలో ఎన్నో పాకలు నేలమట్టమయ్యాయి.

ఇక కొత్తగా కట్టే రేకుల షెడ్లు. వీటికి గట్టిదనం ఉన్నది, శుభ్రత సులభం. అయితే ఎండకు కాగిన ఇనుపరేకు పశువు వీపుపైకి వేడిని ప్రసరింపజేస్తుంది. దొంగల భయంతోనో, చూపు కోసమో గోడలను కప్పుదాకా లేపితే గాలి ఆడదు. నున్నని సిమెంటునేలపై గిట్టలు జారుతాయి. చలిదేశాలలో గోడలు పశువును శీతలం నుండి కాపాడతాయి. ఇక్కడ అవే గోడలు వేడికి చెరసాల అవుతాయి.

రెండింటిలోనూ కనిపించే దోషం మరొకటి ఉన్నది. మూత్రం నుండి పుట్టే అమోనియా మొదట నేల దగ్గరే చిక్కగా ఉంటుంది. నిలబడిన యజమానికి అంతగా తెలియని ఘాటు, పడుకొని నెమరువేసే పశువు ముక్కుకు బాగా తగులుతుంది. దానివల్ల శ్వాసనాళాలు దెబ్బతిని ఊపిరితిత్తుల జబ్బులకు దారి ఏర్పడుతుంది. తడినేలవల్ల పొదుగువాపు, గిట్టలు కుళ్లటం వస్తాయి. దోమలకని మూసిన సావిడిలో వేసే వేపాకు పొగ పశువుకూ బాధే.

2025 జనవరిలో పిఠాపురంలో ఉపాధి హామీ పథకం కింద కట్టిన 'గోకులాల'ను ప్రారంభించారు. చిన్నరైతు పశువుకు నీడ కల్పించటం మెచ్చదగిన పని. అయితే షెడ్ల సంఖ్యను లెక్కించటంతో పని ముగియదు. గేదె ఒక్కింటికి కప్పు కింద 4, ఆరుబయట 8 చదరపు మీటర్ల చోటు ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నవి. డెల్టాలో దీనికి తోడు వరదనీరు ఎక్కని ఎత్తైన అరుగు, 40 అడుగులకు 1 అడుగు వాలు, గాళ్లు గీసిన గరుకునేల, మూడడుగులకు మించని గోడ, తూర్పు పడమరలుగా పొడవు, రేకుపై తెల్లసున్నం ఉండాలి. వీటిలో చాలాభాగానికి డబ్బుకంటె ఆలోచనే ఎక్కువ కావాలి.

ఈ విషయం తరగతి గదిలో చెప్పి ఊరుకోవలసింది కాదు. మే నెల మధ్యాహ్నం రేకు కింద ఒక ఉష్ణమాపకాన్ని, తాటాకు కింద మరొకదానిని, పశువు వీపు ఎత్తున వేలాడదీసి విద్యార్థులు పోల్చి చూడవచ్చు. తెల్లవారుజామున సావిడిలో మోకాళ్లపై కూర్చొని ఒక్కసారి గాలి పీల్చవచ్చు. కళ్లు మండితే ఆ సావిడి మనిషి సౌకర్యానికి కట్టినదే గాని పశువు కోసం కట్టినది కాదు.