ఎడమ చేతి కొలత

మా రాయికోడ్‌లో హోటలంటే చాయ్ హోటలే. పత్తి ఏరుడు అయిపోయి చేతిలో కాస్త తీరిక చిక్కితే చాలు, అక్కడ తెగని పంచాయితీలు మొదలవుతాయి. ఆ రోజు పంచాయితీ బాక్సర్ నిఖత్ జరీన్ మీద. విత్తనాల దుకాణం ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"మేరీ కోమ్‌వి ఆరు, మన పిల్లవి రెండు. ఇంక ముచ్చటేమున్నది?"

డిగ్రీ చదివే పిల్లగాడు ఊరుకోలేదు. "ఆ ఆరు కొట్టనీకి పదహారేండ్లు పట్టింది కాకా. ఈమె పది నెలల్ల రెండు కొట్టింది."

ఇద్దరి లెక్కా తప్పు కాదు. మేరీ కోమ్ ప్రపంచ స్వర్ణాల్లో మొదటిది 2002లో, ఆరోది 2018లో. నిఖత్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో ఒకటి, 2023 మార్చిలో ఢిల్లీలో ఇంకొకటి గెలిచింది. ఒకటికి మించి ప్రపంచ స్వర్ణాలున్న భారత మహిళా బాక్సర్లు ఈ ఇద్దరే. "మరి ఒలింపిక్స్‌ల ఏం తెచ్చింది?" అని కాకా మళ్లీ అందుకున్నాడు. లండన్‌లో 2012లో మేరీ కోమ్ తెచ్చిన కాంస్యం ఆయన మనసులో ఉందన్నమాట. ముహమ్మద్ అలీ గొప్పా, జో లూయిస్ గొప్పా అని అమెరికాలో జరిగే వాదన కూడా ఇదే తీరు. పతకాలు లెక్కపెట్టడం సులువు. పని చూడడానికే ఓపిక కావాలి.

ఆ ఓపిక ఉన్న మనిషి మూలకు కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు జాతర కుస్తీల్లో దిగినవాడు. మా దిక్కు జాతరల్లో కుస్తీ కొబ్బరికాయతో మొదలై వెండి కడెం దాకా పోతుంది. కడెం కుస్తీ వేళకు చీకటి పడుతుంది, జనం మాత్రం కదలరు. తాత చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "ఆ ఫోన్ ఇటియ్యి బిడ్డా. సౌండ్ బంద్ చెయ్యి. చేతులు చూడకుండ్రి, కాళ్లు చూడుండ్రి."

పిల్లగాడు పెట్టింది 2022 మే 19 నాటి ఇస్తాంబుల్ ఫైనల్. 52 కిలోలు. ఎదురుగా థాయిలాండ్ బాక్సర్ జుతామాస్ జిత్‌పాంగ్. నేను ఈ పోటీ ఇదివరకు రెండు మూడుసార్లు చూశాను, కామెంటరీ వింటూ, చేతుల్నే చూస్తూ. సౌండ్ ఆపి కాళ్లు చూస్తే అది వేరే పోటీ.

నిఖత్ ఎడమ కాలు, ఎడమ భుజం ముందుంటాయి. కుడి చెయ్యి గడ్డం పక్కన ఆగి ఉంటుంది. ముందున్న ఎడమ చెయ్యి మాటిమాటికీ బయటికొచ్చి లోపలికి పోతుంటుంది. దాన్నే జాబ్ అంటారు. అవన్నీ దెబ్బలని కొత్తవాళ్లు అనుకుంటారు. సగానికి సగం దెబ్బలు కావు. అది కొలత. తాపీ మేస్త్రి రాయి పెట్టేముందు దారం లాగి చూసుకున్నట్టు, తన చేతి చివరకూ ఎదుటి మనిషి ముఖానికీ మధ్య జాగా ఎంతో ఆ చెయ్యి లోపలికి కబురు పంపుతుంటుంది. అందుతుందని తెలిసిన క్షణాన వెనక కాలి మడమ లేస్తుంది, నడుము తిరుగుతుంది, కుడి చెయ్యి సూటిగా పోతుంది. ఒకటీ రెండూ. జిమ్ముల్లో మొదటి వారం నేర్పేది ఇదే. జీవితాంతం అరగదీయాల్సిందీ ఇదే.

అసలు పనితనం దాని తర్వాత కనబడుతుంది. కుడి చెయ్యి తగిలాక చాలామంది తమ దెబ్బను తామే మెచ్చుకుంటున్నట్టు అరక్షణం అక్కడే నిలబడిపోతారు. ఆ అరక్షణంలోనే ఎదుటివాళ్ల హుక్, అంటే పక్క నుంచి వంపుగా వచ్చే దెబ్బ, వస్తుంది. నిఖత్ కుడి చెయ్యి వెనక్కి వచ్చేలోపే కాళ్లు వెనక్కి వచ్చేసి ఉంటాయి, అదీ నేరుగా కాకుండా కాస్త పక్కకు. జుతామాస్ బదులిచ్చేసరికి అక్కడ గాలే ఉంది. వెనక్కి జరిగే జాగా లేనప్పుడు నిఖత్ ఇంకో పని చేస్తుంది. దూరం పెంచే బదులు పూర్తిగా చెరిపేసి, దగ్గరికి దూరి పట్టేసుకుంటుంది. చూడ్డానికి అందంగా ఉండదు. కానీ ముంజేతి మందం జాగాలో ఎవరూ గట్టి దెబ్బ కొట్టలేరు. బాక్సర్‌కు అపాయం నడిమి దూరంలోనే. ఆమె ఆ నడిమి దూరంలో ఎక్కువసేపు నిలవదు.

"మేం ముందుగాల మెడ మీద చెయ్యేసి ఎదుటోని బరువు ఏ కాలి మీదున్నదో చూస్తుంటిమి," అన్నాడు తాత. "ఈమె తాకకుండనే చూస్తున్నది."

ఆ ఒక్క మాటకు ఆయన చాయ్ పైసలు నేనిచ్చాను.

రెండో రౌండ్‌లో కథ కొంచెం తిరగబడింది. జుతామాస్ గాలిని కొట్టడం మాని ముందుకు నొక్కడం మొదలుపెట్టింది. నిఖత్ రెండుసార్లు ఆ నడిమి దూరంలో దొరికిపోయింది. ఆనాటి స్కోరు చీటీ చూస్తే ఇది తెలుస్తుంది: 30–27, 29–28, 29–28, 30–27, 29–28. రింగ్ చుట్టూ అయిదుగురు జడ్జిలుంటారు. ప్రతి రౌండ్‌లో గెలిచినవాళ్లకు పది, ఓడినవాళ్లకు మామూలుగా తొమ్మిది వేస్తారు. 30–27 అంటే ఆ జడ్జి మూడు రౌండ్లూ నిఖత్‌కే ఇచ్చాడు. 29–28 అంటే ఒకటి అవతలికి పోయింది. ముగ్గురు జడ్జిల చీటీల్లో పోయినది ఆ రెండో రౌండే. "అయిదు సున్నాతో గెలిచింది" అని పేపర్లో చదివితే పోటీ ఏకపక్షంగా సాగిందనిపిస్తుంది. కాదు. నడిమిట్ల ఆమెకు చెమట పట్టింది.

మూడో రౌండ్ మొదట్లో మార్పు తెచ్చింది మళ్లీ ఆ ఎడమ చెయ్యే. కొలతకు పోయే చెయ్యి ఈసారి కొట్టడానికి పోయింది. ముందుకొచ్చేవాళ్లు ఎదురు జాబ్ మీదికి తామే వచ్చి పడతారు. వాళ్ల వేగం వాళ్లకే దెబ్బ. దాని వెనకే సూటి కుడి. ఆ రౌండ్‌ను అయిదుగురి చీటీలూ నిఖత్‌కే ఇచ్చాయి.

ఇది పుట్టుకతో వచ్చిన విద్య కాదు. ఎక్కడ నేర్చుకుందో చెప్పాలంటే మా ఏటి వెంట పోవాలి. మా పక్క నుంచి పోయే మంజీర సింగూరు, నిజాంసాగర్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అది నిజామాబాద్ జిల్లా, నిఖత్ జిల్లా. తండ్రి జమీల్ అహ్మద్ ఆటలాడిన మనిషి, బిడ్డను ముందు పరుగుపందేల్లో పెట్టాడు. మైదానంలో బాక్సింగ్ చేసేవాళ్లలో ఆడపిల్లలు లేరెందుకని ఆమె అడిగింది. అలా కోచ్ సంసాముద్దీన్ దగ్గరికి చేరింది. అక్కడ తనతో తలపడేందుకు ఆడపిల్లలు లేరు. మగపిల్లలతోనే సాధన. మొదట్లో ముక్కు నెత్తురుతో ఇంటికొస్తే తల్లి ఏడ్చిందన్న సంగతి నిఖత్ చాలాసార్లు చెప్పింది. బలంలో తనకన్నా మించినవాళ్లతో రోజూ తలపడే పిల్లకు రెండే దారులు. మానేయడం, లేదా దెబ్బ అందని చోట నిలబడడం నేర్చుకోవడం. ఆమె దూరం చదువు అక్కడే మొదలైందని నా నమ్మకం. ఆ తర్వాత విశాఖలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ. 2011లో టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం. 2013లో యూత్‌లో రజతం. 2017లో భుజం జారి, రింగ్‌కు చాలా కాలం దూరం.

కాకా ఇక్కడ సమయం చూసి అందుకున్నాడు. "2019ల మేరీ కోమ్ మీద ఏమాయె?"

ఓడింది. 9–1తో. ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్స్ లేకుండా మేరీ కోమ్‌ను పంపుతారన్న మాట వచ్చినప్పుడు, న్యాయంగా ఒక బౌట్ పెట్టమని నిఖత్ క్రీడా మంత్రికి రాసింది. డిసెంబర్‌లో ఢిల్లీలో ఆ బౌట్ పెట్టారు. అయ్యాక మేరీ కోమ్ చెయ్యి కలపలేదు. జనం దాన్నే గుర్తుపెట్టుకున్నారు. నాకు గుర్తున్నది వేరు. ఆ రోజు దూరం నిఖత్ చేతిలో లేదు. ఎప్పుడు దగ్గరికి రావాలో, ఎప్పుడు రాకూడదో పెద్దామే నిర్ణయించింది. నిఖత్ ఎక్కువ కదిలింది, తక్కువ తాకింది. ఇస్తాంబుల్ కాళ్లు ఆ ఓటమి దగ్గర దిద్దుకున్న కాళ్లు. ఆ ఓటమికీ ఇస్తాంబుల్‌కూ మధ్య రెండున్నరేళ్లు కూడా లేవు.

2022 ఫిబ్రవరిలో సోఫియాలో టోక్యో ఒలింపిక్ రజత విజేత, టర్కీ బాక్సర్ బూసె నాజ్ చాకిరోలును ఓడించింది. ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ స్వర్ణం. తర్వాతి మార్చిలో ఢిల్లీలో రియో కాంస్య విజేత ఇంగ్రిత్ వాలెన్సియా మీద సెమీస్, వియత్నాం బాక్సర్ ఎన్గుయెన్ థి తామ్ మీద ఫైనల్. ఇవన్నీ జనానికి తెలిసినవే. తక్కువగా మాట్లాడేది బరువు గురించి. ఇస్తాంబుల్‌లో 52 కిలోలు. ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు కాబట్టి 50కి దిగింది. ఆ రెండు కిలోలు మనకు పెళ్లి భోజనం. ఒంట్లో కొవ్వు మిగలని మనిషికి అవి కాళ్ల లోంచి, నీళ్ల లోంచి పోతాయి. పారిస్‌లో 2024లో తొలి పోటీలో జర్మనీ బాక్సర్ మ్యాక్సీ క్లోట్జర్‌పై గెలిచింది. రెండో దాంట్లో చైనా బాక్సర్ వు యు చేతిలో 0–5తో ఓడింది. వు యు ఆ విభాగంలో స్వర్ణం కూడా గెలిచింది. బరువు కోసం రెండు రోజులు తిండీ నీళ్లూ మానానని నిఖత్ ఆ తర్వాత చెప్పింది. అది సాకు కాదంటాను. కానీ గెలుపుకు కారణం వెతికినంత శ్రద్ధగా ఓటమికీ వెతకాలి. వు యు లోపలికొచ్చి బయటికి పోయే వేగం ముందు నిఖత్ కొలత ప్రతిసారీ అరక్షణం పాతబడింది. ఎడమ చెయ్యి పంపిన కబురు అందేసరికి మనిషి అక్కడ లేదు.

2025 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో, 51 కిలోల క్వార్టర్ ఫైనల్లో అదే చాకిరోలు 5–0తో బాకీ తీర్చుకుంది. నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం నిఖత్‌దే.

"అయితే ఎవరు గొప్ప?" అని పిల్లగాడు నన్ను పట్టుకున్నాడు. ముగ్గురు బిడ్డల తల్లై 2018లో ప్రపంచ స్వర్ణం గెలిచిన మేరీ కోమ్‌కు మొదటి పీట వేయకపోతే నా నోరు పడిపోతుంది. కానీ బాక్సింగ్ నేర్చుకోవాలనుకునే పిల్లకు ఒక్క వీడియో చూపించమంటే ఇస్తాంబుల్ మూడో రౌండ్ చూపిస్తాను.

పాత పేర్లు అయ్యాక కొత్త పేర్లు వచ్చాయి. లివర్‌పూల్‌లో స్వర్ణాలు తెచ్చిన ఇద్దరూ హర్యానా వాళ్లే. 57 కిలోల్లో జైస్మిన్ లంబోరియా, 48లో మీనాక్షి హుడా. జైస్మిన్ ఫైనల్లో పారిస్ రజత విజేత, పోలండ్ బాక్సర్ యూలియా షెరెమెటాను 4–1తో ఓడించింది. మరి మన తెలుగువాళ్లలో? విశాఖ ఎన్. ఉష 2008లోనే ప్రపంచ రజతం తెచ్చింది. ఆ పేరు విన్నవాళ్లు హోటల్లో ఒక్కరూ లేరు. సంసాముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ కామన్‌వెల్త్‌లో 2018లో, 2022లో కాంస్యాలు గెలిచాడు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీస్ దాకా పోయి, మోకాలి గాయంతో రింగ్ ఎక్కకుండానే కాంస్యంతో ఆగాడు. ఇప్పుడు అతనికి ముప్పై దాటింది.

"ఆ హర్యానాల నీళ్లల్ల ఏమున్నదో," అన్నాడు కాకా.

తాత నవ్వాడు. "నీళ్లల్ల ఏమున్నది? జోడీలున్నయి. తాలీంల నీ జోడీ రోజూ దిగితెనే నువ్వు పహిల్వాన్‌వి."

తాలీం అంటే కుస్తీ సాధన చేసే చోటు, జోడీ అంటే సమ ఉజ్జీ. హర్యానాలోని భివానీలో ఒక పిల్ల గ్లవ్స్ తొడిగితే అదే బరువు, అదే ఈడు పిల్లలు పదిమంది ఎదురుంటారు. ఒకరు పొట్టి, ఒకరు పొడుగు, ఒకరు ఎడమ చేతివాటం. ఆ పదిమందీ పది కొలతలు నేర్పుతారు. ఊరికొక పిల్ల గ్లవ్స్ తొడిగి సంచిని కొడుతుంటే చేతికి బలం వస్తుంది. సంచి వెనక్కి జరగదు, ఎదురు కొట్టదు. కొలత మాత్రం రాదు.

కాకాకు ఇంకా నమ్మకం కుదరలేదు. చెయ్యి చాపితే సరిపోయేదానికి ఇంత కథా అన్నాడు. తాత లేచి లుంగీ ఎగగట్టాడు. ఎడమ అరచెయ్యి కాకా రొమ్ముకు బెత్తెడు దూరంలో నిలిపి, "కొట్టు" అన్నాడు. కాకా నవ్వుతూ చెయ్యి విసిరాడు. తాత ఎడమ కాలు అడుగు కూడా కాదు, అరడుగు వెనక్కి వచ్చింది. అంతే. కాకా చెయ్యి గాలిలో పోయి బల్ల మీది బిస్కెట్ల సీసాను తాకింది. రెండోసారి గట్టిగా విసిరాడు. మళ్లీ అరడుగు.

"ఇంకోపారి," అన్నాడు కాకా, ఈసారి తన కాళ్ల దిక్కు చూసుకుంటూ.