వంశప్రతిష్ఠ బరువు: తెలుగు కుటుంబ విషాదంలో ఆత్మవంచన

తెలుగులో ఆత్మవంచనకు తొలి పెద్ద ప్రతినిధి ధృతరాష్ట్రుడు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెనిగించాడు. ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టదు. విదురుణ్ణి పిలిపించి నీతి అడుగుతాడు, చెప్పిందంతా వింటాడు, నిజమేనని ఒప్పుకుంటాడు. తీరా చేయాల్సిన పని ఎదురయ్యేసరికి మనసు కొడుకు దుర్యోధనుడి వైపు జారిపోతుంది, నేరం విధి మీదికి పోతుంది. మంచీచెడూ తెలియని అమాయకత్వం కాదిది. అన్నీ తెలిసి, తెలిసినదాన్ని పక్కకు నెట్టే నేర్పు. తిక్కన ఈ నేర్పుకు పేరు పెట్టడు, తీర్పు చెప్పడు. సంభాషణ నడిపిస్తాడు, మనిషి తన మాటల్లోనే దొరికిపోతాడు. నాటకీయమని పేరుపడ్డ ఆ శైలి తర్వాతి కుటుంబ విషాదాలకు పునాది.

తిక్కన నడిచిన నేలకు పడమటి వైపున్న ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్ళలో ఈ కథ పుస్తకంలోకంటే పద్యనాటకంలోనే ఎక్కువమందికి చేరింది. తిరునాళ్ళ రాత్రి హార్మోనియం మీద శ్రుతి అందగానే దుర్యోధనుడు ప్రవేశిస్తాడు. మయసభ ఏకపాత్రాభినయం బడి వార్షికోత్సవాల దాకా పాకింది. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ సినిమా తర్వాత దానికి ఆదరణ మరీ పెరిగింది. ఈ పద్యనాటకంలో ఒక సూక్ష్మమైన పనితనం ఉంది. ముగింపు ఏమిటో ప్రేక్షకులందరికీ తెలుసు, దుర్యోధనుడొక్కడికే తెలియదు. అయినా రాగం ఎత్తి పద్యం పాడుతున్నంతసేపూ అతని మాటే సత్యమనిపిస్తుంది. ‘వన్స్ మోర్’ అని అరిచే జనం ఆ క్షణాన అతని భ్రమలో భాగస్థులే. అహంకారానికి అంత మంచి గొంతు ఇవ్వడం వల్లనే పతనం మనసుకు తగులుతుంది.

ఆధునిక నాటకం రాజుల్ని వదిలి మధ్యతరగతి సంసారాల్లోకి వచ్చింది. కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’లో కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్మబోతే పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. నెల్లూరు జిల్లా మంగళంపాడులో 1921లో పుట్టిన ఆచార్య ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’ నాటకంలో చాలీచాలని జీతంతో సంసారం ఈదే గుమాస్తాను వేదిక మీద నిలబెట్టాడు. ఇదే నాటకం 1953లో ‘గుమాస్తా’ సినిమా అయింది. రెండూ బలమైన నాటకాలే. కానీ వాటిలో దోషి ఇంటి బయటే ఉంటాడు. ఒకచోట ఆచారం, మరోచోట ఆర్థిక వ్యవస్థ. మనిషి తన ఇంటిని తానే ఎలా కూల్చుకుంటాడన్న ప్రశ్నను పూర్తిగా తలకెత్తుకున్నది నాటకం కాదు, నవల. త్రిపురనేని గోపీచంద్ 1940ల మధ్యలో రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ అది.

కథ చెప్పాలంటే నాలుగు మాటలు చాలు. సీతారామారావు పేరున్న కుటుంబంలో పుడతాడు. వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చివరి కోరిక. కొడుకు ఆ మాటను నెత్తిన పెట్టుకుంటాడు. ఆస్తి కరిగిపోతుంది, స్నేహాలు చెడతాయి, భార్య ఇందిరతో కాపురం నరకమవుతుంది, చివరికి శ్మశానంలో తన చేతులతో తన ప్రాణం తీసుకుంటాడు. మెలికలు లేవు, రహస్యాలు లేవు. నవల బలమంతా సీతారామారావు బుర్రలో జరిగే వాదంలో ఉంది.

ఆ వాదం నడిచే పద్ధతి ఇది. డబ్బు పోతుంది. పోయిన మరుక్షణం దానికి ఒక కారణం దొరుకుతుంది, ఆ కారణానికి ఔదార్యమనో ఆదర్శమనో గొప్ప పేరు పడుతుంది. పని చేతకాదు. చేతకాకపోవడం కాస్తా లోకం మీద ఏవగింపుగా మారుతుంది. అందరూ అల్పులు గనక తాను ఒంటరి అనుకుంటాడు. రచయిత అతని ఆలోచన వెంబడే నడుస్తాడు, బయటికి వచ్చి ఇది తప్పు అనడు. దాంతో పాఠకుడు ఒక్కో తర్కానికీ తల ఊపుతూ చాలా దూరం వెళ్ళిపోతాడు, ఇందిర ముఖం చూశాక ఉలిక్కిపడతాడు. లెక్క తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆమే. పొయ్యి వెలగాలంటే ఏం కావాలో ఆమెకు తెలుసు. అతని సిద్ధాంతాలన్నీ ఆ పొయ్యి దగ్గరే వీగిపోతాయి, అందుకే అతని కోపమంతా ఆమె మీదికే మళ్ళుతుంది. తెలుగు మనోవైజ్ఞానిక నవలకు ఈ పుస్తకాన్ని ఆద్యంగా చెబుతారు. ఆ గౌరవం సరైనదే. అయితే దాన్ని మనస్తత్వ శాస్త్రపు ఉదాహరణగా మాత్రమే చదివితే ఇందిర మరుగున పడిపోతుంది, అది అన్యాయం.

గోపీచంద్ తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి ‘కురుక్షేత్ర సంగ్రామం’లో కౌరవుల పక్షం నుంచి భారతకథను వాదించిన హేతువాది. ఎందుకని ప్రశ్నించడం నేర్పినందుకు కొడుకు ఈ నవలను ఆయనకే అంకితమిచ్చాడు. తండ్రి మాటను ఎన్నడూ ప్రశ్నించని కొడుకు కథకు అంతకు తగిన అంకితం ఉండదు. సీతారామారావు అన్నిటికీ కారణాలు వెతుకుతాడు, వంశప్రతిష్ఠ అంటే ఏమిటో, అది ఎవరికి కావాలో మాత్రం అడగడు. అతని ఆశయం అతనిది కాదు. అది వారసత్వంగా వచ్చిన అప్పు, ఆస్తి తరిగేకొద్దీ వడ్డీ పెరుగుతుంది.

ఇంచుమించు ఆ కాలంలోనే అమెరికాలో ఆర్థర్ మిల్లర్ ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ రాశాడు. 1949 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో తొలి ప్రదర్శన జరిగింది. అందులో నాయకుడు విల్లీ లోమన్ 60 దాటిన, ఊరూరా తిరిగే సేల్స్‌మన్. నలుగురికీ నచ్చితే చాలు, పైకొస్తామని నమ్మి, కొడుకులకూ అదే నూరిపోశాడు. జో మీల్‌జీనర్ రూపొందించిన రంగాలంకరణలో ఇంటి గోడలు పారదర్శకంగా ఉంటాయి. విల్లీ జ్ఞాపకంలోకి జారినప్పుడు పాత్రలు గోడల్లోంచే నడిచి వస్తాయి, చనిపోయిన అన్న బెన్ వచ్చి మాట్లాడతాడు. గోపీచంద్ వాక్యంతో సాధించినదాన్ని మిల్లర్ వెలుగునీడలతో సాధించాడు. తేడా మరణంలో ఉంది. విల్లీ బీమా సొమ్ము పెద్దకొడుకు బిఫ్‌కు దక్కాలని చస్తాడు, అంటే చావులోనూ లాభం లెక్క వేసుకుంటాడు. సీతారామారావుకు చివర్లో అలాంటి ఊరటైనా మిగలదు. ఈ విషయంలో తెలుగు నవలే మరింత కఠినమైనది.

గోపీచంద్ కృష్ణా జిల్లా అంగలూరు వాడు. సీతారామారావు మాత్రం డెల్టా మనిషిగానే మిగిలిపోడు. వెలికొండల నీడన వాన తప్పిపోయే ఉదయగిరి వైపు మెట్టలో పరువుకూ పంటకూ పొంతన కుదరడం అరుదు. మొదటి బోరులో నీళ్ళు పడవు. రెండో బోరుకు అప్పు పుడుతుంది. మూడోది వేయకపోతే ఊళ్ళో చిన్నచూపు. ఇంకొక్కటి వేస్తే పడతాయన్న మాట ఆశ దగ్గర మొదలై ఎక్కడ ఆత్మవంచనగా మారుతుందో ఆ మాట అంటున్నవాడికి తెలియదు. ఇంట్లోవాళ్ళకు తెలుసు, కానీ వాళ్ళ నోరు లేవదు. ఇక్కడ వ్యక్తి బలహీనతను కరువు నుంచి విడదీసి చూడలేం. నవల పరిమితి కూడా ఇక్కడే కనిపిస్తుంది. సీతారామారావు దగ్గర పోగొట్టుకోవడానికి ఆస్తి ఉంది. మెట్ట రైతుకు చాలాసార్లు అదీ లేదు, అతని పతనాన్ని అసమర్థత అనడం సరికాదు.

ఈ కుటుంబ విషాద సంప్రదాయం విలువ నేరస్థుణ్ణి చూపించడంలో లేదు. అబద్ధం ఏ మాటతో మొదలై, ఎవరి మౌనంతో పెరిగి, ఎవరి మెడకు చుట్టుకుంటుందో వరుసగా చూపించడంలో ఉంది. మిల్లర్ నాటకంలో బిఫ్ తండ్రి భ్రమను గుర్తిస్తాడు, తమ్ముడు హ్యాపీ దాన్నే భుజాన వేసుకుంటాడు. సీతారామారావు వెనక మిగిలింది ఇందిర, ఒక కూతురు. ఆ పిల్లకు ఏ ప్రతిష్ఠ గురించి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకోవలసింది తల్లే.