సరుగుడు తోపులో వల ఊయల

మైపాడు సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులో పాత వలను ఊయలగా కట్టే చేతుల్ని చూస్తే నాకు ఎంతో ముచ్చట. వేటకు పనికిరాని వలైనా మనిషిని హాయిగా మోస్తుంది.

ముందు మానును ఎంచాలి. లేత సరుగుడు వంగిపోతుంది. భుజంతో నెట్టినా కదలనిది కావాలి. బెరడు కోసుకుపోకుండా గోనెపట్టా చుట్టి, దానిమీద తాడు తిప్పుతారు.

అసలు నేర్పంతా తాడును వదులుగా ఉంచడంలోనే. కొత్తవాళ్లు బిర్రుగా లాగి కడతారు. తాడు 30 డిగ్రీల వాలులో ఉంటే, 60 కిలోల మనిషి పడుకున్నప్పుడు ఒక్కో తాడుపై సుమారు 60 కిలోల లాగుడే పడుతుంది. 10 డిగ్రీలకు బిగిస్తే అది 170 దాటుతుంది. జాలరి ఈ లెక్క కాగితం మీద వేయడు. తాడును బొటనవేలితో నొక్కి చూసి సరిచేస్తాడు. ఎంత గొప్ప విద్య!

1492లో కొలంబస్ బహమాస్ దీవుల్లో చూసినవీ ఇలాంటి వల పడకలే. తర్వాత ఐరోపా నావికులూ వాటిలోనే నిద్రపోయారు.

ఊయల ఎక్కాక ఐమూలగా పడుకోవాలి. వల విచ్చుకుని నడుము నిటారుగా ఉంటుంది. ఇక ముడి, కొస మడిచి వేసిన జారుముడి. బరువున్నంతసేపూ బిగుసుకునే ఉంటుంది, దిగాక కొస పట్టి లాగితే ఇట్టే ఊడొస్తుంది.