కల్లు గీత: చెట్టు మీదే మొదలయ్యే నురగ

తాటి, ఈత చెట్ల నుంచి కారే తియ్యని నీరు పులిసి నురగ కడితే కల్లు అవుతుంది. ఆ పులియడం దుకాణంలోనో గోదాములోనో జరిగేది కాదు. చెట్టుకు కట్టిన లొట్టిలోకి చుక్కలు పడుతుండగానే మొదలవుతుంది, దించాక కూడా ఆగదు. అందుకే తెలంగాణలో గౌడులు తరతరాలుగా సాగిస్తున్న ఈ వృత్తిలో పనితనమంతా వేళ చూసుకోవడంలోనే ఉంది. ఏ కాలంలో ఏ చెట్టు గీయాలి, పూటకు ఎంత మందాన కోయాలి, దించిన కల్లును ఎన్ని గంటల్లో తాగేవారికి చేర్చాలి అన్నవే అందులో ముఖ్యమైనవి.

తాటిలో ఆడ, మగ చెట్లు వేరువేరు. మగదాన్ని పోతుతాడు అనీ, కాయలు కాసేదాన్ని పండుతాడు అనీ అంటారు. చెట్టు పూతకు రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. గెల వేసేదాకా అది ఏ చెట్టో తేల్చి చెప్పడం కష్టం. కల్లు తీసేది ఈ గెలల నుంచే. పోతుతాడు గెలలను కట్టగట్టి, చెక్కలతో నొక్కి మెత్తబరుస్తారు. పండుతాడులో లేత కాయల గెలను సిద్ధం చేస్తారు. కొన్ని రోజులు ఇలా చేశాక కొస కోస్తే నీరు ఊరుతుంది. ఆ కోత ఆరిపోతే ధార కట్టిపోతుంది కనుక పూటపూటకూ పలచటి పొర తీస్తూనే ఉండాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, మరీ పలచగా కోస్తే నీరు రాదు. కత్తి పదును, చేతి వాటం కలిసి ఆ చెట్టు ఎన్నాళ్లు పారుతుందో నిర్ణయిస్తాయి.

ఈత చెట్టు సంగతి వేరు. దానికి గెలతో పనిలేదు. మొవ్వు కింద ఒక పక్క మట్టలు కొట్టేసి, బయటపడ్డ లేత కాండాన్ని చెక్కి, అక్కడ లొట్టి కడతారు. కొన్ని పూటలు గీశాక చెట్టుకు విరామం ఇస్తారు. మరుసటి ఏడు ఎదుటి పక్కన చెక్కుతారు. అలా ఏటేటా పక్కలు మారడం వల్ల కాండం మీద ఎదురెదురుగా గాట్లు మిగులుతాయి. వాటిని లెక్కపెడితే ఎన్ని కాలాలు గీశారో తెలుస్తుంది. ఈత కల్లుకు చలికాలం, తాటి కల్లుకు ఎండాకాలం బాగా కలిసివస్తాయి.

చెట్టెక్కడానికి నడుముకు ముస్తాదు, చెట్టును చుట్టి మోకు, పాదాలకు గుజి ఉంటాయి. మోకు జారితే ప్రాణాపాయమే. గౌడుల కులదైవం కాటమయ్య పేరుతో రూపొందించిన రక్షణ కవచం కిట్లను తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో పంపిణీ చేయడం మొదలుపెట్టింది.

చెట్టు నుంచి అప్పుడే దిగిన నీటిలో చక్కెర పది శాతానికి పైగా ఉంటుంది, పులుపు దాదాపు ఉండదు. లొట్టిలోపల సున్నం పూసినా, లొట్టిని మంచుతో చల్లబరిచినా పులియడం ఆగి, ఆ నీరు మత్తులేని నీరాగా ఉంటుంది. వదిలేస్తే ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. నాలుకను చురుక్కుమనిపించేది ఆ వాయువే. ఒక రోజులోపే ఆల్కహాలు సుమారు నాలుగైదు శాతానికి చేరుతుంది. ఆపైన పులుపు ముదిరి చివరికి సిర్కా అవుతుంది.

కల్లు ఎందుకు నిలవ ఉండదో నురగ వైన్లతో పోల్చి చూస్తే తెలుస్తుంది. ఇటలీలోని నురగ వైన్లలో ఉండేదీ ఈ వాయువే, దాన్ని పుట్టించేదీ ఈస్టే. అయితే ద్రాక్షరసం సహజంగానే పుల్లనిది కనుక చాలా బాక్టీరియా అందులో బతకలేవు. ప్రధానంగా ఈస్టే నిదానంగా పనిచేస్తుంది. ఇటలీకి చెందిన ఫెడెరికో మార్టినొట్టి 1895లో పేటెంటు పొందిన పద్ధతిలో మూసిన పెద్ద తొట్టెలో పులియబెట్టి వాయువును లోపలే బంధిస్తారు. ప్రొసెక్కో అనే నురగ వైను ఎక్కువగా తయారయ్యేది ఈ పద్ధతిలోనే. ఆస్తి అనే తీపి నురగ వైనులోనైతే తీపి మిగిలి ఉండగానే చల్లబరిచి, ఈస్టును వడగట్టేస్తారు. తాటినీటిలో పులుపు లేనందున ఈస్టుతోపాటు రకరకాల బాక్టీరియా ఒకేసారి విజృంభిస్తాయి. లొట్టి మూతి తెరిచే ఉంటుంది, వాయువు పోతూనే ఉంటుంది. తాజా కల్లును సీసాలో పోసి బిగిస్తే సీసా పగలవచ్చు. అందుకే కల్లు నిలవ సరుకు కాలేదు, ఆ పూటకు ఆ పూటే తాగే పానీయంగా మిగిలింది.

ఊళ్లో చెట్టు కింద తాటాకు రేకలో పోయించుకుని తాగితే ఈ గంటల లెక్కతో ఇబ్బంది లేదు. సికింద్రాబాద్ లాంటి నగరానికి అదే పెద్ద చిక్కు. ఇక్కడ కల్లుకు గిరాకీ, ఆచారం రెండూ ఉన్నాయి. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి గుడికి సాగే లష్కర్ బోనాల్లో అమ్మవారికి కల్లును సాకగా ధారపోస్తారు. కల్లు కాంపౌండ్లలో ఉడికించిన గింజల గుడాలు నంజుకుంటూ తాగడం పాత అలవాటు. కానీ చెట్లు నగరంలో లేవు, చుట్టుపక్కల జిల్లాల్లో ఉన్నాయి. దూరం పెరిగి అసలు కల్లు తగ్గినచోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి అమ్మే కల్తీ దందా పుట్టింది. జంటనగరాల్లో 2004లో మూతపడ్డ దుకాణాలను 2014లో తిరిగి తెరిచినా కల్తీ సమస్య మాత్రం తీరలేదు. మందు కలిపిన కల్లును రంగు, నురగ చూసి గుర్తుపట్టలేం, ప్రయోగశాల పరీక్షే దారి.

ఈ చిక్కును మరో వైపు నుంచి విప్పే ప్రయత్నం 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం తెరిచిన నీరా కేఫ్. పులిసేలోపే చల్లబరిచి తెచ్చిన నీరాను అమ్మడం దాని ఉద్దేశం. చల్లదనం తెగకుండా ఉంటే దూరం వల్ల నీరా పాడవదు, గీసినవాడికీ పట్నంలో గిరాకీ దొరుకుతుంది. నురగ కల్లుకు మాత్రం అలాంటి ఉపాయం లేదు. దాని రుచి కావాలంటే చెట్టు దగ్గర్లో ఉండాలి, గీసే మనిషి ఉండాలి. ఈత, తాటి వనాలు పెంచడం, ఎక్కేవారికి రక్షణ కల్పించడం ఈ వృత్తి నిలవడానికి మొదటి అవసరాలు.