ఫిట్టా, అన్‌ఫిట్టా?

"డాక్టర్‌గారూ, వైరల్ ఫీవర్ అని రాసేయండి, చాలు." నోయిడాలో నా దగ్గరికొచ్చే తెలుగు పిల్లలు తరచూ అడిగేది ఇదే. నిద్ర పట్టదు, ల్యాప్‌టాప్ తెరిస్తే గుండెదడ, సెక్టార్ 62 మెట్రో స్టేషన్‌లో దిగాక ఆఫీసు వైపు కాళ్లు సాగవు. బాధ మనసుది, కాగితం మీద మాత్రం జ్వరమే ఉండాలి!

అలా రాయను. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ రిజిస్టర్లో ఎక్కించాలి, నకలు ఉంచుకోవాలి, పుట్టుమచ్చలాంటి గుర్తింపు చిహ్నం ఒకటైనా నమోదు చేయాలి. అబద్ధం రాస్తే నా రిజిస్ట్రేషన్‌కే ఎసరు. అయితే 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. అందుకే ప్రైవేటు కంపెనీకి "నా దగ్గర వైద్యం పొందుతున్నారు, ఫలానా తేదీ దాకా విశ్రాంతి అవసరం" అంటాను. జబ్బు పేరు రోగి సరేనంటేనే. కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఆ సౌలభ్యం తక్కువ: 1972 సెలవు నిబంధనల ఫారం 3లో జబ్బు పేరుకే ఒక ఖాళీ ఉంది.

నెల రాయమంటే వారం, మహా అయితే రెండు వారాలు రాస్తాను. పిసినారితనం కాదు. అద్దెగదిలో ఒంటరిగా, చదవని మెయిళ్లు పేరుకుపోతుంటే, ఆఫీసు భయం తగ్గదు, ముదురుతుంది. అవసరమైతే చూసి పొడిగిస్తాను.

అసలు తంటా తిరిగి చేరేటప్పుడు. అవే సెలవు నిబంధనల్లోని ఫారం 5 కోరేది ఒక్కటే: నయమైంది, విధులకు అర్హుడు. కొద్దికొద్దిగా చేరడానికి అందులో చోటు లేదు. బ్రిటన్‌లో 2010 నుంచి సిక్‌నోట్ బదులు ఫిట్‌నోట్ వచ్చింది. పనివేళలు మార్చమని, మెల్లగా పనిలోకి తీసుకోమని డాక్టరు అందులోనే సూచించవచ్చు. ఇక్కడ నా లెటర్‌హెడ్డే గతి. రెండు వారాలు సగంపూట, రాత్రి కాల్స్ వద్దు, అని రాస్తాను. ఒక హెచ్చార్ ఆయన ఫోన్ చేసి, "ఫిట్టా, అన్‌ఫిట్టా, ఒక్కమాటలో చెప్పండి సార్" అన్నాడు. రోగి అనుమతి లేనిదే మాట్లాడనన్నాను. నొచ్చుకున్నాడు పాపం.

నేను సోమవారం చేరమనను, గురువారం చేరమంటాను. రెండురోజులు ఓర్చుకుంటే వారాంతం వస్తుంది. అదీ మెట్రో బ్లూలైన్‌లో రద్దీ తగ్గాక, పదకొండింటికి. శనివారం సాయంత్రం నా దగ్గరికి రావాలి. రాత్రి కాల్స్ వచ్చాయా అని అడుగుతాను. వచ్చాయంటే, ఇంకో లెటర్.